సంధి నుంచి డెలీరియం దాకా: ఐసీయూలో మతిభ్రమ చరిత్ర

తీవ్రమైన జబ్బుతోనో, పెద్ద ఆపరేషన్ తర్వాతో ఆసుపత్రిలో ఉన్న మనిషికి కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మతి తప్పడాన్ని వైద్యులు డెలీరియం అంటారు. రోగి అయినవాళ్లను పోల్చుకోలేడు. చెప్పిన మాట మీద ధ్యాస నిలపలేడు. పొద్దున బాగానే మాట్లాడినవాడు సాయంత్రానికి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ముక్కులో గొట్టం పీకేస్తాడు, లేదా ఎవరు పలకరించినా పలక్కుండా పైకప్పు వైపు చూస్తూ పడి ఉంటాడు. ఇది పిచ్చి కాదు, ముసలితనపు మతిమరుపూ కాదు. ఒంట్లో చెలరేగిన జబ్బు ధాటికి మెదడు పని తప్పడం. తెలుగునాట దీన్ని తరతరాలుగా సంధి అన్నారు. జ్వరంలో ఉన్నవాడికి సంధి పుట్టిందంటే ఇంట్లోవాళ్లు సగం ఆశ వదులుకునేవారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదని 21వ శతాబ్దపు లెక్కలు చెబుతున్నాయి.

ఆయుర్వేద గ్రంథాల్లో ఈ స్థితి సన్నిపాత జ్వరం కింద వస్తుంది. వాగ్భటుడి అష్టాంగహృదయం దాని లక్షణాలు చెబుతూ పగలు మొద్దు నిద్ర, రాత్రి జాగరణ, పాడటం, ఆడటం, నవ్వటం లాంటి వికృత చేష్టలను పేర్కొంటుంది. పగలూ రాత్రీ తారుమారు కావడాన్ని నేటి వైద్యులు కూడా ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తారు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాలు జ్వరంలో రోగి గాలిలో ఏదో పట్టుకోబోవడం, దుప్పటి నూలుపోగులు పీకడం చెడ్డ గుర్తులని హెచ్చరించాయి. ఉద్రేకంతో కేకలు పెట్టే రోగిని, మత్తుగా పడి ఉండే రోగిని ఆ కాలంలోనే రెండు వేరు జబ్బుల వాళ్లుగా చూశారు. ఆ రెండూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని ఒప్పుకోవడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ అప్పట్లో నడుస్తున్న ఒక వాదాన్ని నమోదు చేశాడు. పాతకాలపు వైద్యులు ఇలాంటి రోగిని చీకటి గదిలో ఉంచితే శాంతిస్తాడనేవారు. అస్క్లెపియాడిస్ అనే వైద్యుడు చీకటే భయం పుట్టిస్తుంది, వెలుతురులో ఉంచాలన్నాడు. సెల్సస్ ఏ పక్షమూ పట్టలేదు. చీకటికి జడిసేవాణ్ని వెలుతురులో, వెలుతురుకు బెదిరేవాణ్ని చీకటిలో ఉంచి చూడమన్నాడు. అంటే మనిషిని చూసి గదిని అమర్చమని. ఇలాంటి చర్చే 1970ల్లో ఆసుపత్రుల కిటికీల మీద మళ్లీ జరిగింది.

18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం తొలినాళ్లలో ఐరోపా వైద్యులు ఈ జబ్బును పిచ్చి నుంచి విడదీసే పని మొదలుపెట్టారు. తాగుడు మానేసినప్పుడు వచ్చే వణుకుతో కూడిన మతిభ్రమను ఇంగ్లండులో థామస్ సట్టన్ 1813లో విడిగా వర్ణించాడు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు డ్యూప్యుట్రెన్ గాయాల తర్వాత, ఆపరేషన్ల తర్వాత మతి చెదరడం గురించి రాశాడు. ఇక ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన నర్సింగ్ పుస్తకంలో డెలీరియం అనే శీర్షిక లేకపోయినా, ఈ విషయానికి అంతకన్నా పనికొచ్చే మాటలున్నాయి. అనవసరపు చప్పుడు రోగికి చేసే క్రూరత్వమనీ, నిద్రలోకి జారినవాణ్ని లేపకూడదనీ, గాలి తర్వాత రోగికి కావలసింది వెలుతురనీ, మంచం మీద నుంచి బయటకు చూడగలగాలనీ ఆమె పట్టుబట్టింది. వంద ఏళ్ల తర్వాత కట్టిన ఐసీయూల్లో ఈ నాలుగింటినీ ఒక్కసారిగా కాలరాశారు.

మెదడులో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు జవాబు 20వ శతాబ్దంలో మొదలైంది. 1910 ప్రాంతంలో జర్మన్ మనోవైద్యుడు కార్ల్ బోన్‌హోఫర్, ఒంట్లో జబ్బు ఏదైనా మెదడు స్పందించే తీరులు కొన్నే ఉంటాయని చెప్పాడు. టైఫాయిడ్ అయినా, విషమైనా, మూత్రపిండాలు చెడినా మతిభ్రమ ఒకేలా కనబడటానికి కారణం అదే. 1940ల్లో అమెరికాలో జార్జ్ ఎంగెల్, జాన్ రొమానో రోగుల తలకు తీగలు తగిలించి మెదడు విద్యుత్ తరంగాలను గీయించారు. మతి ఎంత మసకబారితే తరంగాలు అంత నెమ్మదిస్తున్నాయి, మూలకారణం సరిదిద్దితే మళ్లీ వేగం పుంజుకుంటున్నాయి. 1959లో వారు దీన్ని మెదడు వైఫల్యంగా వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. గుండె పని తప్పినట్టే, మూత్రపిండం పని తప్పినట్టే మెదడూ పని తప్పుతుందన్నది వారి వాదన. గుండెకు ఇచ్చే శ్రద్ధ వైద్యులు దీనికి ఇవ్వడం లేదన్న బాధ ఆ వ్యాసంలో కనబడుతుంది. కెనడాలో పనిచేసిన జ్బిగ్నియెవ్ లిపోవ్‌స్కీ ఆ పనిని కొనసాగించాడు. 1980లో ఆయన పుస్తకం వచ్చింది. అదే ఏడు అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథం మూడో కూర్పు డెలీరియానికి స్పష్టమైన లక్షణాల పట్టిక ఇచ్చింది. ఉద్రేక రూపం, స్తబ్ధ రూపం, రెండూ కలిసిన రూపం అన్న విభజన కూడా లిపోవ్‌స్కీ రచనల ద్వారానే స్థిరపడింది.

ఈలోగా జబ్బుకు కొత్త నివాసం ఒకటి ఏర్పడింది. 1952 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు వరసగా చనిపోతుంటే మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. యంత్రాలు చాలినన్ని లేవు. సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్లు సంచులు నొక్కారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. మరుసటి ఏడాది చివర్లో ఇబ్సెన్ అదే నగరంలో మరో ఆసుపత్రిలో తీవ్ర రోగులకు ప్రత్యేక విభాగం తెరిచాడు. ప్రపంచంలో ఐసీయూ చరిత్ర అక్కడ మొదలవుతుందని ఎక్కువమంది లెక్క. అంతకుముందు పోలియో వార్డులో ప్రతి మంచానికీ ఒక మనిషి తోడున్నాడు. సంచి నొక్కే విద్యార్థి రోగి కళ్లలోకి చూస్తూ కూర్చునేవాడు. తర్వాత ఆ చోటులోకి వెంటిలేటర్ వచ్చింది, విద్యార్థి క్లాసుకు వెళ్లిపోయాడు. యంత్రం వేలాది ప్రాణాలు నిలిపిన మాట నిజమే. దానితో పాటు పోయిన ఆ తోడును మళ్లీ సమకూర్చడానికి వైద్యానికి అర్ధ శతాబ్దం పట్టింది.

1960ల్లో గుండె తెరిచి చేసే ఆపరేషన్లు పెరిగాయి. న్యూయార్కులో డొనాల్డ్ కోర్న్‌ఫెల్డ్ బృందం 1965లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఆపరేషన్ బాగా జరిగి తేరుకున్న పెద్దల్లో మూడోవంతుకు పైగా రోగులు కొన్ని రోజుల తర్వాత భ్రమలోకి జారారు. మొదట కొన్నాళ్లు తెలివిగానే ఉండి ఆ తర్వాత మతి తప్పడం వారిని ఆలోచనలో పడేసింది. గది చూస్తే రాత్రీ పగలూ ఒకే వెలుగు, ఆక్సిజన్ టెంటు కింద ఆగని బుసబుస, గంటగంటకూ లేపి చూసే నాడి, కదలనివ్వని తీగలు. మామూలు వార్డుకు మార్చాక, ఒక రాత్రి కంటినిండా నిద్రపోయాక చాలామందికి తెలివి కుదుటపడింది. తప్పు రోగిలోనే కాదు, గదిలోనూ ఉందన్న అనుమానం అలా బలపడింది. 1972లో ఎల్. ఎం. విల్సన్ రెండు ఐసీయూల్లో 50 మంది చొప్పున ఆపరేషన్ రోగులను పోల్చి చూశాడు. కిటికీలున్న చోట 18 శాతం మందికి, లేనిచోట 40 శాతం మందికి మతిభ్రమ వచ్చింది. చిన్న అధ్యయనమే అయినా ఆసుపత్రి భవనాల నమూనాల మీద దాని ప్రభావం పెద్దది.

ఆ పరిశీలనల నుంచే ‘ఐసీయూ సైకోసిస్’ అనే మాట వాడుకలోకి వచ్చింది. ఆ మాట మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. ఐసీయూలో ఉంటే ఇలాంటివి మామూలే, బయటికి వెళ్తే అదే తగ్గుతుంది అనే నిశ్చింత డాక్టర్లలో కుదిరింది. దాంతో రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గుదల, పడని మందు లాంటి అసలు కారణాన్ని వెదకడం వెనకబడింది.

తర్వాతి ఇరవై ఏళ్లు రోగిని నిద్రపుచ్చడమే దయ అన్న నమ్మకం నడిచింది. తొలితరం వెంటిలేటర్లు రోగి శ్వాసతో కలిసి నడిచేవి కావు. యంత్రంతో పెనుగులాడే మనిషికి మత్తు ఇవ్వక తప్పేది కాదు. 1970ల్లో తయారైన మిడజోలామ్, 1980ల్లో వచ్చిన ప్రొపొఫాల్ సిరలోకి రోజుల తరబడి మత్తు ఎక్కించడం సులువు చేశాయి. కండరాలను కట్టిపడేసే మందులు కూడా తోడయ్యాయి. యంత్రాలు మెరుగుపడ్డాక కూడా అలవాటు పోలేదు. డెన్వర్‌లో 1960ల నుంచి శ్వాస వైద్యం చేసిన థామస్ పెట్టీ 1998లో ఒక వైద్యపత్రికలో ఆవేదనతో రాశాడు. ఆ తొలిరోజుల్లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు మెలకువగా ఉండేవారు, కుర్చీలో కూర్చునేవారు, చుట్టూ ఉన్నవాళ్లతో సైగలు చేసేవారు. ఇప్పుడు రౌండ్లకు వెళ్తే మత్తులో, కదలికలేని శరీరాలు కనబడుతున్నాయి, బతికున్నట్టు చెప్పేది మానిటర్లే అని ఆయన బాధ. ఆ మత్తు చాటున ఎంతమందికి మతిభ్రమ ఉందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అడిగినవారు లేరు.

అడగడానికి పనికొచ్చే సాధనం ముందు ముసలివాళ్ల వార్డులో పుట్టింది. యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనోయె 1990లో నాలుగు లక్షణాల పరీక్ష ప్రచురించింది. మార్పు హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతోందా, ధ్యాస నిలుస్తోందా, ఆలోచన తెగిపోతోందా, మెలకువ మామూలుగా ఉందా? మొదటి రెండూ ఉండి, తర్వాతి రెంటిలో ఏదో ఒకటి ఉంటే డెలీరియం. మనోవైద్యుడి కోసం ఎదురుచూడకుండా ఏ డాక్టరైనా, నర్సైనా తేల్చగలిగే పద్ధతి ఇది.

1999లో ఇనోయె బృందం మరో అడుగు వేసింది. 70 ఏళ్లు దాటిన 852 మంది రోగుల్లో కొందరికి మామూలు వైద్యం, మిగిలినవారికి దానితోపాటు ఓ ప్రత్యేక పరిచర్య. అందులో మందులేవీ లేవు. శిక్షణ పొందిన వాలంటీర్లు రోజూ వచ్చి తేదీ, వారం, ఆరోజు చూడబోయే డాక్టరు పేరు పలక మీద రాసి చదివి వినిపించేవారు. కళ్లజోడు వెతికి పెట్టేవారు. చెవిలో గుమిలి తీయించేవారు. నీళ్లు, పళ్లరసం దగ్గరుండి తాగించేవారు. రోజుకు మూడుసార్లు నడిపించేవారు, నడవలేనివారి కాళ్లూచేతులూ కదిలించేవారు. నిద్రమాత్ర బదులు రాత్రి గోరువెచ్చని పాలో, మూలికల కషాయమో ఇచ్చి, మెల్లని సంగీతం పెట్టి, వీపు నిమిరేవారు. వార్డులో చప్పుడు తగ్గించడానికి మాత్రలు నూరే పరికరాన్ని కూడా శబ్దం రానిదానికి మార్చారు. మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే వీరిలో 9.9 శాతం మందికే వచ్చింది. అయితే ఒకసారి వచ్చాక దాని తీవ్రతను ఈ పరిచర్య తగ్గించలేకపోయింది. రాకుండా చూడటమే అసలు వైద్యమని అప్పుడు తేలింది. ఆ తర్వాత పాతికేళ్ల పరిశోధన ఈ ఫలితాన్ని కదపలేదు.

ఐసీయూ రోగికి గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు. అందుకని 2001లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వెస్లీ ఈలీ బృందం ఇనోయె పరీక్షను మాటలు అవసరం లేకుండా మలిచింది. నర్సు రోగి చేతిని తన చేతిలోకి తీసుకుని పది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతుంది. ‘ఏ’ వినబడినప్పుడు మాత్రమే నొక్కమంటుంది. రెండుకు మించి తప్పులు పోతే ధ్యాస చెదిరినట్టు. తర్వాత నాలుగు ప్రశ్నలు: రాయి నీళ్ల మీద తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా, ఒక పౌను రెండు పౌన్లకన్నా బరువా, సుత్తితో మేకు కొట్టొచ్చా. తలూపి జవాబు చెబితే చాలు. ఒకటి రెండు నిమిషాల పని. అదే ఏడు మాంట్రియల్ వైద్యులు నర్సు షిఫ్టు పొడవునా గమనించి మార్కులు వేసే మరో పట్టిక ఇచ్చారు.

ఈ సాధనాలతో చూస్తే బయటపడిన నిజం వైద్యులనే నివ్వెరపరచింది. 2004లో ఈలీ బృందం వెంటిలేటర్ మీద ఉన్న 224 మందిని పరిశీలిస్తే 81.7 శాతం మందికి ఏదో ఒక రోజు డెలీరియం ఉంది. ఆరు నెలల్లో వారిలో 34 శాతం మంది చనిపోయారు. డెలీరియం రానివారిలో ఆ సంఖ్య 15 శాతం. కేకలు పెట్టి గొట్టాలు పీకే రోగులు అందరి కళ్లలో పడతారు గానీ, 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో అచ్చంగా ఉద్రేక రూపం రెండు శాతం లోపే తేలింది. మిగిలినవారిలో చాలామంది ‘గొడవ చేయని మంచి పేషెంట్లు’. ఇంటికి చేరాక కూడా ఇది వదలదు. 821 మంది మీద జరిగి 2013లో ప్రచురితమైన పరిశోధనలో, డిశ్చార్జి అయిన మూడు నెలలకు పరీక్షిస్తే ప్రతి నలుగురిలో ఒకరి తెలివి తేలికపాటి అల్జీమర్స్ రోగి స్థాయిలో ఉంది. డెలీరియం ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ నష్టం ఎక్కువైంది. ఆ రోగుల్లో యాభై ఏళ్లు దాటనివారూ ఉన్నారు.

మత్తు తగ్గించే ప్రయత్నాలు ఈ లెక్కలకు కొంచెం ముందే మొదలయ్యాయి. 2000లో షికాగోలో జాన్ క్రెస్ బృందం 128 మందితో పరీక్షించి, రోజుకోసారి మత్తుమందు ఆపి రోగిని మేలుకొలిపితే వెంటిలేటర్ అవసరం 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గుతుందని చూపించింది. 2009లో మరో బృందం వెంటిలేటర్ మీద ఉండగానే ఫిజియోథెరపిస్టుల చేత రోగులను కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించింది. డెలీరియం రోజులు నాలుగు నుంచి రెండుకు దిగాయి. తమ పనులు తామే చేసుకునే స్థితిలో ఇల్లు చేరినవారు 35 శాతం నుంచి 59 శాతానికి పెరిగారు. మందుల ఎంపిక కూడా మారింది. లొరాజెపామ్, మిడజోలామ్ లాంటి బెంజోడయజెపిన్‌లే డెలీరియం తెస్తున్నాయని తేలింది. 2009 నాటి పెద్ద పోలికలో మిడజోలామ్ ఇచ్చినవారిలో 76.6 శాతం మందికి, వేరే రకం మత్తుమందైన డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చినవారిలో 54 శాతం మందికి అది కనిపించింది. డెన్మార్క్‌లోని ఒడెన్సె వైద్యులు 2010లో అసలు మత్తే లేకుండా, నొప్పికి మార్ఫిన్ మాత్రమే ఇచ్చి చూశారు. వెంటిలేటర్ రోజులు తగ్గాయి గానీ ఉద్రేకం పెరిగింది. అలాంటి రోగుల పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఊరడించాల్సి వచ్చింది. పనికొచ్చిన పద్ధతులన్నిటినీ కలిపి అమెరికా క్రిటికల్ కేర్ సంఘం ఒక కట్టగా చేసింది: నొప్పి చూడటం, మేల్కొలపడం, సొంతంగా ఊపిరి పీల్చనిచ్చి చూడటం, మందు జాగ్రత్తగా ఎంచడం, డెలీరియాన్ని రోజూ వెదకడం, త్వరగా కదిలించడం, కుటుంబాన్ని కలుపుకోవడం. 68 ఐసీయూల్లో 15,000 మందికి పైగా రోగుల లెక్కలు 2019లో వచ్చాయి. కట్ట ఎంత పూర్తిగా అమలైతే డెలీరియం అంత తగ్గింది.

మాత్రతో నయం చేసే కల మాత్రం ఫలించలేదు. బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాలలో 1958లో పుట్టిన మనోవైద్యపు మందు హెలోపెరిడాల్ 1970ల నుంచి ఐసీయూల్లో అలవాటుగా మారింది. ఆధారాలు చూడటం నలభై ఏళ్లు ఆలస్యమైంది. 2018లో 566 మంది మీద జరిగిన అమెరికా పరీక్షలో హెలోపెరిడాల్, అదే కోవకు చెందిన జిప్రాసిడోన్, ఉత్త సెలైన్ మూడూ ఒకే ఫలితమిచ్చాయి. అదే ఏడు నెదర్లాండ్స్‌లో 1,789 మందికి హెలోపెరిడాల్ ముందుజాగ్రత్తగా ఇచ్చి చూస్తే ప్రాణాలు నిలపడంలో తేడా లేదు. 2022లో డెన్మార్క్ నేతృత్వంలో 1,000 మందితో చేసిన పరీక్షలో కొంత మొగ్గు కనిపించినా ప్రధాన ఫలితంలో అది గట్టిగా రుజువు కాలేదు. మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గడమే కారణమన్న ఊహతో ఇచ్చిన రివాస్టిగ్మిన్ కథ ఇంకా విషాదం. 104 మందిని చేర్చుకున్నాక ఆ పరీక్షను 2010లో ఆపేశారు. మందు తీసుకున్నవారిలో 22 శాతం, తీసుకోనివారిలో 8 శాతం మరణించారు. మంచి సిద్ధాంతం ఉన్నంత మాత్రాన మంచి మందు అయిపోదని వైద్యులు ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నారు.

బెంజోడయజెపిన్‌లు చెరుపు చేస్తాయన్న సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. మద్యం లేదా మత్తుమందు హఠాత్తుగా ఆగినప్పుడు వచ్చే డెలీరియానికి అవే ప్రధాన ఔషధం. తెలంగాణకు ఇది బాగా తెలిసిన బాధ. ఇక్కడి కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్‌ప్రజొలామ్ కలుపుతారు. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి సరఫరా ఆగగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఫిట్లతో, వణుకుతో, పిచ్చిచేష్టలతో జనం బారులు తీరారు. 2020 లాక్‌డౌన్ మొదలైన కొద్దిరోజులకే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాగే పోటెత్తారు. ఐసీయూలో చేరిన రోగి తాగుడు, కల్లు అలవాటు గురించి ఇంటివాళ్లు దాచకుండా చెప్పడం వైద్యానికి ఎంత అవసరమో ఈ అనుభవాలు చూపాయి.

కుటుంబం సంగతికి వస్తే చరిత్ర ఇంకా సాగుతోంది. ఐసీయూలు పుట్టినప్పటి నుంచి చుట్టాలను బయటే ఉంచడం రివాజు. స్కాండినేవియా నర్సులు మాత్రం 1980ల నుంచి రోగి మంచం దగ్గర డైరీ ఉంచి, ఏరోజు ఏం జరిగిందో తామూ రాసి, ఇంటివాళ్ల చేతా రాయించారు. కోలుకున్న మనిషి అది చదివి తాను చూసిన భయంకర దృశ్యాల్లో ఏవి నిజమో, ఏవి భ్రమో వేరు చేసుకుంటాడు. 2010లో ఐరోపాలో జరిగిన పరీక్షలో డైరీ అందుకున్నవారిలో తర్వాతి కాలపు మానసిక ఆఘాతం 13 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో సందర్శన వేళలు బాగా పెంచి చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. డెలీరియం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయితే ఇంటివాళ్ల ఆందోళన తగ్గింది. చుట్టం దగ్గరుంటే చాలదు, చేయడానికి పని ఉండాలన్నది దీన్నుంచి తీయదగిన అర్థం.

కరోనా ఈ నేర్చుకున్నదంతా కొన్నాళ్లు చెరిపేసింది. మిడజోలామ్ తిరిగొచ్చింది, తలుపులు మూసుకున్నాయి, ముఖాలు మాస్కుల వెనక్కి పోయాయి. 14 దేశాల్లో 2,088 మంది కోవిడ్ రోగులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి మించి డెలీరియం పాలయ్యారు. బెంజోడయజెపిన్‌లు ప్రమాదాన్ని పెంచాయి. స్వయంగానో, వీడియోలోనో ఇంటివాళ్లు పలకరించినవారికి ప్రమాదం తగ్గింది.

భారతదేశంలోనూ జబ్బు తక్కువేమీ కాదు. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి ఐసీయూలో 140 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైగా డెలీరియం కనిపించింది. ఇక్కడ నర్సు ఒక్కరే ఎక్కువ మంచాలు చూసుకోవాలి, ఫిజియోథెరపిస్టులు తక్కువ. కానీ రోగి వెంట వచ్చి వరండాలో పగలూ రాత్రీ పడుండే భార్యాబిడ్డలు, అన్నదమ్ములు దాదాపు ప్రతి మంచానికీ ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఆసుపత్రులు వారిని రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే లోపలికి పంపిస్తాయి. యేల్‌లో జీతం లేని వాలంటీర్లు చేసిన పనుల్లో చాలావాటిని, అంటే కళ్లజోడు పెట్టడం, తారీఖు చెప్పడం, నీళ్లు పట్టించడం, కాళ్లు కదిలించడం, సొంత భాషలో సొంత పేరుతో పిలవడం, చేతులు కడిగించి నర్సు నేర్పిస్తే వీళ్లు చేయగలరు. దానికి కావలసింది కొత్త యంత్రం కాదు, సందర్శన వేళల బోర్డు మార్చడం, ఆ మార్పుకు నర్సుల సంఖ్య సరిపోయేలా చూడటం.